ఉప్పూ బెల్లం తిన్న ఏనుగు

ఇది మహాకావ్యానికి సరిపడా కథ. ఇందులో ఒక ఏనుగు ఉంది. రెండు సైన్యాలున్నాయి. చచ్చిపోతున్న ఒక భాష ఉంది, దాన్ని బతికించడానికి నడుం బిగించిన ఒక స్త్రీ ఉంది, ఆమెకు అడ్డం నిలిచిన ఒక అధికారి ఉన్నాడు. ఇద్దరి నడుమ సత్యం తేల్చడానికి రాళ్లు కోసే యంత్రంతో సిద్ధమైన ఒక యువకుడు ఉన్నాడు.

నిజానికి అంత లేదు. ఏనుగు నా నడుం ఎత్తుండేది. సైన్యాలంటే ఒకవైపు నాచారంలో ఒక ప్రైవేటు బడి హెడ్మాస్టరు, రెండోవైపు అదే బడిలో ఒక టీచరు. యంత్రం నాది కాదు, సర్కారుది. యువకుడు మాత్రం నేనే. నా గురించి మా ఆఫీసులో అందరికీ ఒకటే అభిప్రాయం ఉండేది: నోరు తగ్గించుకుంటే పైకొస్తాడు.

డెబ్బైల మొదటి సంవత్సరాలు. గొడవలై బడులు మూతపడి మళ్లీ తెరిచాక, మనుషులు ఒకరి యాసను ఒకరు తూకం వేస్తున్న రోజులు. టీ కొట్టు దగ్గర ఎవడైనా నోరు తెరిస్తే, వాడేమన్నాడో తర్వాత సంగతి, 'వచ్చిండు' అన్నాడా 'వచ్చాడు' అన్నాడా అని ముందు చూసేవాళ్లు. నేను ఉప్పల్‌లో పుట్టి, ఉప్పల్‌లో పెరిగి, ఉప్పల్ రోడ్డు మీదే ఉద్యోగం సంపాదించినవాణ్ని. అంత దూరం ప్రయాణం చేసిన మనిషి మా వంశంలో లేడు. రాళ్లను పరీక్షించే ప్రయోగశాల అది. రాయిని ముక్కగా కోసి, గాజు పలకకు అతికించి, అవతలి వెలుతురు ఇవతలికి కనబడేంత పల్చగా అరగదీయడం నా పని. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసేది మా సెక్షన్ సారు. నేను చూడగూడదని రూలేమీ లేదు. చూసి ఏదన్నా అంటే మాత్రం ఆయనకు నచ్చేది కాదు.

ఒకసారి ఆయన గంటసేపు చూసి మురిసిపోయిన పలకలో ఉన్నది రాయి కాదు, అరగదీసే పొడి అని నలుగురి ముందు అన్నాను. ఆ వారం నుంచీ నన్ను ప్రతి శనివారం నాచారం బడికి సైన్సు చెప్పడానికి పంపారు. ఆయన కూతురు ఆ బడిలోనే ఏడో తరగతి. మా ఆఫీసు వాళ్ల పిల్లలు చాలామంది అక్కడే. ఉప్పల్ నుంచి పొద్దున బస్సులో వెళ్లి, శనివారం ఒంటిపూట బడి కాబట్టి మధ్యాహ్నం బస్సులో అందరూ తిరిగొచ్చేవాళ్లు. నేనూ ఆ పిల్లలతోపాటే, నిలబడి.

నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. వాటి వెనకాల, ఒకప్పుడు ఏ జాగీర్దారుదో అయిన తోట బంగళాలో బడి. మెట్ల పక్కన ఆ ఏనుగు. నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఇన్‌స్పెక్షన్ వచ్చిన ప్రతిసారీ దీపపు మసి నూనెలో కలిపి దానికి పట్టించేవారు. బడికి ఎవరొచ్చినా హెడ్మాస్టరు ముందు ఆ ఏనుగు దగ్గరికే తీసుకెళ్లి, ఏకశిల అని, మూడు వందల ఏళ్లనాటిదని, ఉలి పట్టిన మహానుభావుడెవరో గానీ అని కొంతసేపు ఆగేవారు. ఆ ఆగడంలో, ఆ మహానుభావుడు తన జిల్లా వాడే అయి ఉంటాడన్న అర్థం ఉండేది. ఆయనది కృష్ణకు అవతలి ఒడ్డు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికీ మంచివాడు కూడా కాదు. 'గట్ల', 'గిట్ల' అన్న పిల్లల్ని బెంచీ ఎక్కించేవారు. నేను మొదటిరోజు వెళ్లి పాఠం ఎట్ల చెప్పాలె సార్ అనడిగితే, ముందు ఆ ప్రశ్నను సరిగ్గా అడగడం నేర్చుకోమన్నారు.

ఆ బడిలో శనివారం ఆఖరి పీరియడు ఒక టీచరుది. సాంఘిక శాస్త్రం చెప్పే ఆమె. నాకంటే పది పన్నెండేళ్లు పెద్ద. చిల్కానగర్‌లో తల్లితో ఉండేది. టైంటేబుల్లో ఆ పీరియడు పేరు 'సామాన్య జ్ఞానం'. ఆమె అందులో భాషల గురించి చెప్పేది. పెద్ద భాషల గురించి కాదు. పోతున్న వాటి గురించి.

ఆమె పద్ధతి నాకు నచ్చింది, నేను బయటికి చెప్పలేదు. పక్కింటివాళ్లకు అర్థంకాని మాట మీ ఇంట్లో ఏదైనా ఉంటే పట్టుకురండి అనేది పిల్లలతో. పిల్లలు తెచ్చేవాళ్లు. అరవం, మరాఠీ, కన్నడం, లంబాడీ, ఇంకా వాళ్ల నాయనమ్మలకు తప్ప ఎవరికీ తెలియని మాటలు. తర్వాత బోర్డు మీద మూడు మెట్లు గీసేది. పై మెట్టు మీద మీ అమ్మమ్మ ఏం మాట్లాడుతుంది, మధ్యదాని మీద అమ్మ, కింద నువ్వు. చాలామంది పిల్లలకు కింది మెట్టు ఖాళీగానే ఉండేది. అప్పుడామె ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా చాక్‌పీసు కింద పెట్టేది. ఒక భాష ఎప్పుడు చచ్చిపోతుందని ఒక పిల్లవాడు అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది. "దాంట్ల తిడితే కోపమొచ్చేటోడు ఒక్కడు గూడ లేనప్పుడు."

ఆమె తల్లిగారి భాష అట్లాంటిదే. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. ముందటి తరాల్లో వాళ్లవాళ్లు నవాబుల దేవిడీ భవంతులకు గచ్చు పని చేసేవారట. సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి గోడలకు అద్దంలా నునుపు తేవడం, అదే ముద్దను అచ్చుల్లో పోసి రాతిని మరిపించే పువ్వులూ సింహాలూ చేయడం. సిమెంటు వచ్చాక పని పోయింది, పని వెనకే భాష పోయింది. ఇక ఇంట్లో మిగిలింది ముసలమ్మ కోపం. ఆమె తెలుగులో మాట్లాడేది, ఉర్దూలో బేరమాడేది, కోపమొస్తే మాత్రం పుట్టింటి భాషలోకి వెళ్లిపోయేది. అందుకని టీచరుకు ఆ భాషలో వచ్చిన మాటల్లో సగం తిట్లు, మిగతా సగం సున్నానికి సంబంధించినవి. పైకి గట్టిపడి లోపల పచ్చిగానే మిగిలిన సున్నానికి ఆ భాషలో ఒక ప్రత్యేకమైన మాట ఉంది. మనుషుల్ని కూడా ఆ మాటే అనవచ్చని టీచరు ఏడో తరగతికి చెప్పింది. దాన్ని రాయాలని ప్రయత్నించాను, మన అక్షరాల్లో సరిగ్గా కూర్చోలేదు.

ఒక శనివారం ఆమె తల్లిని క్లాసుకు తీసుకొచ్చింది. పిల్లలకు మీ భాషలో నాలుగు మాటలు చెప్పమంది. ముసలమ్మ కుర్చీలో కూర్చుంది. ఇంతలో ఒకడు కంపాస్ మొనతో బెంచీ గీకడం ఆమె కంట్లో పడింది. అంతే. ఊపిరి తీసుకోకుండా ఆమె వాణ్ని తిట్టిన తిట్టు మొత్తం విన్నాక క్లాసు ఇంకోసారి తిట్టమనమని టీచర్ని బతిమాలింది. మూడో వరుసలోవాడు తననూ తిట్టమని ముందుకొచ్చాడు. నేను అరగదీసిన రాళ్లు చూపించినప్పుడు ఆ వరుస మొత్తం నిద్రపోయింది.

కిటికీలోంచి హెడ్మాస్టరు చూస్తున్నారు. ఆవిడ ఏమంటున్నారని అడిగారు. టీచరు దాచలేదు, తిడుతున్నదని చెప్పింది. బడిలో తిట్లు నేర్పుతున్నారా అని ఆయన, నేర్పుతలేను వినిపిస్తున్న అని ఈమె. అట్లా మాట్లాడుకుంటూ అందరూ మెట్ల దాకా వచ్చారు. ముసలమ్మ అక్కడ ఆగి ఏనుగును వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి విన్నది.

"గిది మావోళ్లు పోసిందే," అన్నది. "సున్నంల బెల్లం నీళ్లు కలిపి అచ్చుల పోస్తుండె."

హెడ్మాస్టరు నవ్వారు. అది ఏకశిల అని, చెక్కిందని, పోసింది కాదని చెప్పారు. అమ్మా, మీరు పోస్తుండగా చూశారా అని అడిగారు.

"నువ్వు సూసినవా, చెక్కంగ?"

ఆయన ముఖం ఏనుగు రంగుకు వచ్చింది. ముసలమ్మతో పెట్టుకోలేక కూతురి వైపు తిరిగారు. స్టాఫ్ రూములో ఆ మధ్యాహ్నం చాలా మాటలు నడిచాయి. నేను బస్సు పోతుందేమోనని గుమ్మంలో నిలబడి విన్నాను. చదువురాని వాళ్ల కట్టుకథలు పిల్లలకు చరిత్రగా చెబుతున్నారని ఆయన అన్నారు. నల్లమసి పూసి చరిత్ర అంటున్నది ఎవరని ఆమె అంది. ఇటువంటి భాషలు పోతేనే మంచిదని, పిల్లలకు ముందు ఒక్క భాష శుద్ధంగా రానివ్వమని ఆయన. శుద్ధమంటే మీ ఊరి బస్టాండుల మాట్లాడేదేనా అని ఆమె. చివరికి ఆయన టేబుల్ మీద చెయ్యి పెట్టారు.

"ఏనుగు రాయి అని తేలితే ఆ క్లాసు ఆగిపోతుంది. ఆ పీరియడు లెక్కలకు ఇస్తాను."

"పోసిందని తేలితే?"

"నడుపుకోండి. నేను అడ్డం రాను."

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు ఆ రోజు మధ్యాహ్నం బస్సు పోయింది.

నన్ను న్యాయమూర్తిని చేసినందుకు ఇద్దరికీ నా మీద కోపమే. ఆమె లెక్క ప్రకారం నేను సర్కారు ఉద్యోగిని, మా సెక్షన్ సారు అవతలి ఒడ్డు మనిషి, కాబట్టి ఏం రాయమంటే అదే రాస్తాను. "నువ్వు ఆయన దిక్కా, నా దిక్కా, లాబ్ సార్?" అని గేటు దగ్గర అడిగింది. రాయి దిక్కు అన్నాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు, అది నచ్చే జవాబూ కాదు. హెడ్మాస్టరు లెక్క ప్రకారం నేను ఉప్పల్ వాణ్ని కాబట్టి టీచరు మనిషిని. పైగా ఏనుగు చెడుతుందని ఆయన భయం. ఉలి తీసుకెళ్తే ఏనుగుకు అడ్డంగా నిలబడ్డారు. పైకి కనబడే చోట ముట్టుకోవద్దన్నారు. నోటి లోపల, తొండం వెనకాల, అక్కడ గోకుకొమ్మన్నారు. గోకితే పొడి పొడిగా గుప్పెడు రాలింది. కోయడానికీ అరగదీయడానికీ ముక్కంటూ ఏదీ రాలేదు. పొడినే పొట్లం కట్టుకొచ్చాను.

మా సారు మామూలుగా నేను తెచ్చిన ఏ వస్తువూ ముట్టుకోరు. ఇది మాత్రం వదల్లేదు. పాతకాలపు కృత్రిమ శిల అనగానే ఆయనకు ఒక వ్యాసం కనబడింది, దాని కింద ఆయన పేరు కనబడింది. రెండు వారాలు రసాయన పరీక్షలు చేశారు. సున్నం ఉంది. అది అనుకున్నదే. నీలం మందు కలిపి కాచితే ఎర్రబడింది, అంటే తీపి ఉంది. సారు కుర్చీలోంచి లేచారు. ప్రాచీనులు సున్నంలో బెల్లం కలిపేవారని విన్నాంగానీ ఇన్నేళ్ల తర్వాత కూడా అది చెక్కుచెదరకుండా నిలవడం అద్భుతం అన్నారు. తర్వాత ఉప్పు తేలింది. అది మరీ అద్భుతం. ఉప్పుందంటే సముద్రపు ఇసుక, సముద్రపు ఇసుక అంటే కోస్తా పనివాళ్లు. హైదరాబాదు నడిబొడ్డుకు బందరు నుంచి బళ్ల మీద ఇసుక తోలుకొచ్చిన మహాశిల్పుల చిత్రం ఆయన కళ్ల ముందు కదిలింది. ఆ బళ్లెద్దులు ఏ రంగువో కూడా చెప్పేలా ఉన్నారు. మూసీ పక్కన పెట్టుకుని ఇసుకకు బందరెందుకు పోతరు సార్ అన్నాను. పనిచూసుకోమన్నారు.

ఈ సంగతి బడికి పాకడానికి ఒక శనివారం చాలింది. బెల్లం ఉందని తెలిసి టీచరు మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడింది, తమ్మీ అని కూడా పిలిచింది. చూసినవా, మా అమ్మ చెప్పిందే అయింది అన్నది. ఉప్పుందని తెలిసి హెడ్మాస్టరు నాకు కుర్చీ వేయించారు. సున్నం గోడలకు వెల్ల వేసినప్పుడు పడి ఉంటుందన్నారు. ఉప్పు మాత్రం మా వైపుదే, గాలే అటువంటిది, రాయిలోకి కూడా దిగుతుందన్నారు. ఒకే పొట్లంతో ఇద్దరూ గెలిచారు. ఇద్దరూ ఇంకొకరు ఓడిపోయారని ప్రచారం మొదలుపెట్టారు. పిల్లల్లో కూడా బెల్లం పార్టీ, ఉప్పు పార్టీ ఏర్పడి, పీర్జాదిగూడ వైపు నుంచి వచ్చే ఇద్దరు గేటు దగ్గర కొట్టుకున్నారు కూడా.

చీమలు లేకపోతే కథ అక్కడే కంచికి పోయేది.

మిగిలిన పొడిని నా టేబుల్ సొరుగులో పెట్టాను. ఒకరోజు పొద్దున సొరుగు తెరిస్తే పొట్లం నల్లగా కదులుతోంది. కిటికీ నుంచి గోడమీదుగా, సారు కుర్చీ వెనకాల నుంచి, నా సొరుగు దాకా బారుగా చీమలు. సారు నన్ను తిట్టడం మొదలుపెట్టారు, ప్రయోగశాలలో తిండి పెట్టుకుంటానని. నేను చీమల్నే చూస్తున్నాను. వందేళ్ల నాటి బెల్లానికి ఇంత బలగం రావడం నాకు అనుమానంగా తోచింది.

ఆ శనివారం పాఠం మానేసి పిల్లల్ని అడిగాను, ఏనుగు నోట్లో ఎవరన్నా ఏదన్నా పెడతారా అని. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చివరికి మా సారు కూతురే లేచింది. ఇంట్లో ఆ పిల్ల వాళ్ల నాన్న భాషే మాట్లాడేది. బడి ఆవరణలోకి వస్తే ఆవరణ భాష.

"బెల్లం సార్. పరీక్షకు పోయేటప్పుడు ఏన్గు నోట్ల బెల్లం పెట్టి పోతం. పాసైతమని."

"ఉప్పో?"

"పాస్ చెయ్యకుంటే ఉప్పు పెడ్తరు సార్, శిక్ష. నేను లెక్కలల్ల తప్పినప్పుడు పిడికెడు పెట్టిన."

అన్నయ్యలు, అక్కయ్యలు నేర్పిన ఆనవాయితీ అట. ఎప్పటి నుంచి అంటే వాళ్లకు తెలియదు, మొదటి నుంచీ అన్నారు. ఏ పిల్లనడిగినా బెల్లం కంటే ఉప్పే ఎక్కువసార్లు పెట్టానంది. ఆ బడి ఫలితాలు అట్లా ఉండేవి. ప్రాచీనుల విద్యా రహస్యమూ, బందరు బళ్లూ మొత్తం ఏడో తరగతి మధ్య వరుసలో కూర్చుని ఉన్నాయి.

సారుకు చెప్పాను. ఆయన వ్యాసం అప్పటికి సగం అయింది. నమ్మలేదు. ఇంటికెళ్లి కూతుర్ని అడిగినట్టున్నారు. మర్నాడు వ్యాసం గురించి ఎత్తలేదు. వారం రోజులు నాతోనూ మాట్లాడలేదు. ఆ వారం ప్రశాంతంగా గడిచింది.

హెడ్మాస్టరు చీమల సంగతి నమ్మనన్నారు. టీచరు నమ్మింది, అందుకే ఎక్కువ కోపం.

"మా అమ్మ అబద్ధమాడిందంటవా?"

"అమ్మ అబద్ధమాడలె అక్కా. పోరగాళ్లు తినిపిచ్చిన్రు."

"నీకెందుకయ్యా చీమలతోని? సప్పుడు జెయ్యకుండ ఉంటే ఏం పోయేది?"

 రాయి దిక్కు అన్న మాట మళ్లీ అనబుద్ధి కాలేదు. ఆమె దగ్గర తల్లి చెప్పిన మాటకు రుజువంటూ ఉన్నది ఆ బెల్లం ఒక్కటే. తమ్మీ అనడం మానేసింది.

మళ్లీ తీయక తప్పలేదు. ఈసారి పొట్ట కింద. పిల్లల చెయ్యి వెళ్లని చోటు. నేను వెల్లకిలా పడుకుని ఏనుగు కింద దూరాను. తల దగ్గర హెడ్మాస్టరు, కాళ్ల దగ్గర టీచరు, ఎవరి వైపు ఉలి జారినా అవతలివాళ్లు చూస్తామన్నట్టు. మసి గీకి, ఉసిరికాయంత ముక్క తీశాను. ఈసారి పొడి కాలేదు. గట్టి ముక్క. ఆ ముక్క కొట్టినప్పుడు వచ్చిన చప్పుడుకే నాకు సగం తెలిసింది. మిగతా సగం అరగదీశాక తెలిసింది.

నిజమైన నల్లరాయిని పల్చగా చేసి చూస్తే గింజ గింజను పట్టుకుని ఉంటుంది, నడుమ సందుండదు. ఇందులో గుండ్రటి గాలి బుడగలున్నాయి. ఎర్రటి ఇటుక రవ్వలున్నాయి. ఎవరో సరిగ్గా కలపక వదిలేసిన సున్నపు ఉండలు తెల్లగా కనబడుతున్నాయి. మధ్య మధ్య నీళ్లలో దొర్లి నునుపెక్కిన ఇసుక. నాగోల్ దగ్గర మూసీ ఇసుక సైకిలు మీద సంచిలో తెచ్చి పక్కన పెట్టి చూశాం. రెండూ కవలల్లా ఉన్నాయి. సిమెంటు జాడ లేదు, కాబట్టి పాతదే. సారు తలెత్తకుండానే పోత రాయే అన్నారు. ఉప్పు లేదు. తీపీ లేదు. బెల్లం కలిపి ఉంటే ఇన్నేళ్లలో కరిగిపోయి ఉండొచ్చు, కలపకపోయి ఉండొచ్చు, రెండిట్లో ఏదీ చెప్పలేమని రాశారు. ఆయన రాసినవాటిలో అంత నిజాయితీ గల వాక్యం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పేరెంట్స్ మీటింగు రోజున ఫలితం చెప్పాలని హెడ్మాస్టరే పట్టుబట్టారు. సారు రాననడంతో నేనే చదివాను. మెట్ల మీద తల్లిదండ్రులు, ఎండలో పిల్లలు, ముందు వరుసలో ముసలమ్మ. ఏనుగు పోత రాయి, పాతది, ఇక్కడి ఇసుకతోనే ఇక్కడే పోసింది అని చదివి కూర్చున్నాను. మూడు వందల ఏళ్ల ఏకశిల అంతటితో అయిపోయింది. ఎవరూ కేకలు వేయలేదు. వెనక ఒక తండ్రి మాత్రం, అయితే మనం ఫీజులు కడుతున్నది నకిలీ ఏనుగుకా అని పక్కాయన్ని అడగడం వినిపించింది.

హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. గొంతు వణకలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

"పోత అని తేలింది. సంతోషం. ఏ భాషవాళ్లు పోశారో కూడా తేలిందా?"

"తేలలె సార్," అన్నాను. "ఇటుక పొడి ఏ భాషా మాట్లాడదు."

ఆయనకు ఆ ఒక్క వాక్యంలో ప్రాణం లేచొచ్చింది. చూశారా అన్నట్టు అందరి వైపూ తిరిగారు. ఇంకేదో ఎత్తుకోబోయారు. టీచరు కూర్చున్న చోటు నుంచే అడిగింది.

"మీరు భాష మీద పందెం కట్టలేదు సార్. పోత అయితే క్లాసు నడుపుకొమ్మన్నరు. అన్నరా, లేదా?"

జనం ఆయన వైపు చూశారు. ముసలమ్మ తన భాషలో ఒకే ఒక్క మాట అన్నది. పైకి గట్టి, లోపల పచ్చి. పెద్దవాళ్లకు అర్థం కాలేదు. ఎండలో నిలబడ్డ ఏడో తరగతి మొత్తం ఒక్కసారి నవ్వింది. ఆ భాష తెలిసినవాళ్లు అన్ని పదుల మంది ఒకచోట నవ్వడం చాలా ఏళ్ల తర్వాత అదే అయి ఉంటుంది. ముసలమ్మ వెనక్కి తిరిగి వాళ్లను చూసింది. ఆ చూపు గురించి ఎక్కువ రాస్తే కావ్యం అవుతుంది, వద్దు.

"మాట తప్పను," అన్నారు హెడ్మాస్టరు. "క్లాసు నడుస్తుంది. బడి వేళలో మాత్రం పాఠ్యపుస్తకాలు. ఇది శనివారం ఆఖరి గంట కొట్టాక నడుపుకోండి. గది ఇస్తాను, చాక్‌పీసులు ఇస్తాను."

చప్పట్లు కొట్టారు. ఆయనకు కొట్టారో ఆమెకు కొట్టారో తెలియదు, ఇద్దరూ తమకే అనుకున్నారు. టీచరు ఏనుగు మీద చెయ్యి వేసి నిలబడింది. చేతికి మసి అంటింది. గేటు దగ్గర నన్ను ఆపి, థాంక్స్ ఏం చెప్పను గానీ శనివారం వచ్చి మూలకు కూసో తమ్మీ, గాలి బుడగల సంగతి పిల్లలకు చెప్పుదువు అన్నది. పోయిన తమ్మీ తిరిగొచ్చినందుకు నాకు సంతోషంగానే ఉంది. అప్పుడు నేను కూడా ఆమె గెలిచిందనే అనుకున్నాను.

మొదటి శనివారం గంట కొట్టాక గది నిండా పిల్లలు. టీచరు మెట్లు గీసింది, ముసలమ్మ మాటలు చెప్పింది, నేను పలక పట్టుకుని కిటికీ వెలుతురులో బుడగలు చూపించాను. ఎవరూ నిద్రపోలేదు. రెండో శనివారం సగం మంది. ఆ తర్వాత ముందు బెంచీ మాత్రమే. హెడ్మాస్టరు మాట నిలబెట్టుకున్నారు. ఒక్కసారి కూడా అడ్డం రాలేదు, చాక్‌పీసుల డబ్బా టేబుల్ మీద ప్రతి వారం కొత్తదే ఉండేది. పిల్లలకు ఇష్టం లేక కాదు. సారు కూతురు గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, బ్యాగు సర్దుకుని పరుగెత్తేది. పరీక్షలొచ్చేసరికి టీచరూ, నేనూ, నాచారంలోనే ఉండే ఇద్దరు పిల్లలూ మిగిలాం. మరుసటి ఏడు టీచరు కూడా గది తాళం అడగలేదు. ఏనుగు నోట్లో బెల్లం మాత్రం ఆగలేదు. ఉప్పూ ఆగలేదు. ఆ భాషలోంచి ఒకే ఒక్క మాట బడిలో నిలబడింది. హెడ్మాస్టరు వరండాలోకి వస్తుంటే పిల్లలు ఒకరికొకరు అందించుకునే హెచ్చరికగా, ఆయన రిటైరయ్యే దాకా.

శనివారం మధ్యాహ్నం నాచారం నుంచి ఉప్పల్‌కు బస్సు బడి వదలగానే ఒకటి ఉండేది. అది పోతే మళ్లీ సాయంత్రమే.